ఎత్తుకు పై ఎత్తు

చదరంగం మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఓపెనింగ్‌ల గురించే, అంటే ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరసల గురించే. వేసవి శిబిరాలు ముగిశాయి కదా, నేర్చుకున్నది పోటీల్లో పనికిరాలేదన్న కోపం చాలామంది రాతలో కనిపిస్తోంది. చదివేముందు పక్కన బోర్డు పెట్టుకోండి. ఇ4, సి5 లాంటివి గళ్ల పేర్లు: అక్షరం నిలువు వరస, అంకె అడ్డు వరస. పావు పేరు చెప్పకపోతే కదిలింది బంటు. పావులు కదపకుండా ఈ పేజీ చదివితే నా కష్టం, మీ సమయం రెండూ దండగే.

మా అబ్బాయికి పదేళ్లు. సిసిలియన్ డిఫెన్స్‌లో నైడార్ఫ్ పద్ధతి పదిహేను ఎత్తుల దాకా కంఠతా వచ్చు. ఆన్‌లైన్ కోర్సు కూడా కొన్నాం. అయినా జిల్లా పోటీలో ఐదు ఆటల్లో మూడు ఓడాడు. ఒక ఆట స్కోరు షీటు జత చేస్తున్నాను. ఇప్పుడు ఏ ఓపెనింగ్ నేర్పించాలి?
– ఒక తండ్రి, నరసరావుపేట

మీరు పంపిన స్కోరు షీటే మీ ప్రశ్నకు జవాబు. ఎదుటి పాప ఇ4 ఆడింది, మీవాడు సి5 ఆడాడు, అదే సిసిలియన్. రెండో ఎత్తులో ఆ పాప గుర్రాన్ని ఎఫ్3కు తేలేదు, బిషప్‌ను సి4కు తెచ్చింది. కోర్సులో ఆ ఎత్తు లేదు. పక్కన రాసుకున్న గడియారం లెక్క ప్రకారం మీవాడు అక్కడ తొమ్మిది నిమిషాలు కూర్చున్నాడు. తరువాత ఆమె ఏమి ఆడుతున్నదో చూడకుండా డి6, గుర్రం ఎఫ్6, ఎ6 అని పాఠం అప్పజెప్పినట్టు వరసగా ఆడుకుంటూ పోయాడు. ఇ6 ఆడి, వీలు చూసుకుని డి5 తోస్తే ఆ బిషప్ వెనక్కి పరుగెత్తేది, నల్లపావులకు మధ్య గళ్లు దక్కేవి. ఆ సంగతి తట్టడానికి పదిహేను ఎత్తుల కంఠపాఠం అక్కర్లేదు. బిషప్ ఎటు చూస్తోంది, దాని దారికి అడ్డు ఎలా పెట్టాలి అన్న ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు.

నైడార్ఫ్ చెడ్డదని అనడం లేదు. ఫిషర్, కాస్పరోవ్ లాంటి ప్రపంచ విజేతలు దాన్ని జీవితాంతం ఆడారు. అయితే అది పదేళ్ల పిల్లవాడికి తాతగారి కోటు తొడిగినట్టు ఉంటుంది. ప్రస్తుతానికి ఇ4కు ఇ5తో జవాబు చెప్పమనండి. తెల్లపావులు వచ్చినప్పుడు ఇటాలియన్ ఆడమనండి: ఇ4, గుర్రం ఎఫ్3, బిషప్ సి4. పావులు బయటికి రావడం, రాజు భద్రంగా పక్కకు తప్పుకోవడం (క్యాస్లింగ్), మధ్య గళ్ల కోసం గొడవ, అన్నీ అందులో కళ్లకు కనిపిస్తాయి.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. నల్లపావులతో ఆడుతూ మూడో ఎత్తులో గుర్రాన్ని ఎఫ్6కు తెస్తే, పిల్లల పోటీల్లో ఎదుటివారు వెంటనే గుర్రాన్ని జి5కు దూకించి ఎఫ్7 మీద కన్ను వేస్తారు. డి5 తోయాలి, తెల్ల బంటు దాన్ని కొడుతుంది. ఇక్కడ నూటికి తొంభై మంది పిల్లలు సహజంగా గుర్రంతో ఆ బంటును తిరిగి కొడతారు. అంతే, తెల్ల గుర్రం ఎఫ్7లో బలి అవుతుంది. రాజు దాన్ని కొట్టక తప్పదు. మంత్రి ఎఫ్3కు వచ్చి చెక్ చెబుతుంది. డి5లోని గుర్రాన్ని కాపాడుకోవాలంటే రాజు ఇ6కు, అంటే బోర్డు నడిబొడ్డుకు నడవాలి. తెల్లపావుల రెండో గుర్రం సి3కు వచ్చి మళ్లీ అదే గుర్రాన్ని పొడుస్తుంది. అక్కడినుంచి బతికి బయటపడటం పెద్దవాళ్లకే కష్టం. అందుకే బంటును కొట్టకుండా సి6 గుర్రాన్ని ఎ5కు పంపి ముందు ఆ బిషప్‌ను నిలదీయాలి. ఒక బంటు పోతుంది, పోనివ్వండి. బదులుగా నల్లపావులు చకచకా బయటికి వస్తాయి.

కోర్సుకు కట్టిన డబ్బు గురించి నన్ను అడగవద్దు.

1972 ప్రపంచ పోటీలో ఫిషర్, స్పాస్కీల ఆరో ఆట మహా గొప్పదని అందరూ అంటారు. రెండుసార్లు బోర్డు మీద ఆడి చూశాను. మంత్రిని బలి ఇవ్వడం లేదు, కళ్లు మిరుమిట్లు గొలిపే ఎత్తూ లేదు. ఇందులో గొప్ప ఏమిటి?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ఏలూరు

ఇలా అడిగేవారు తక్కువ. గొప్పదని ఎవరో చెబితే తల ఊపేవారే ఎక్కువ. కాబట్టి ఈ జవాబు పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందు సందర్భం. ఐస్‌లాండ్ రాజధాని రెయిక్యావిక్. అప్పటి ప్రపంచ విజేత స్పాస్కీ మీద పోటీకి దిగిన ఫిషర్ మొదటి ఆట ఓడాడు. కెమెరాల చప్పుడు మీద అలిగి రెండో ఆటకు రానే లేదు. 0–2తో వెనకబడిన మనిషి మూడో ఆటను ప్రేక్షకులకు దూరంగా వెనక గదిలో ఆడి గెలిచాడు. ఐదు ఆటలు ముగిసేసరికి 2½–2½. జులై 23న ఆరో ఆట. తెల్లపావులు ఫిషర్‌వి. అంతవరకు తొలి ఎత్తంటే ఇ4 తప్ప మరొకటి దాదాపు ముట్టని మనిషి సి4 ఆడాడు. స్పాస్కీ బృందం నెలల తరబడి చేసిన కసరత్తు ఆ ఒక్క ఎత్తుతో పక్కకు పోయింది. కొద్ది ఎత్తుల్లో ఆట క్వీన్స్ గాంబిట్ అనే ఓపెనింగ్‌లోకి, అందులోనూ స్పాస్కీకి బాగా అలవాటైన టార్టకోవర్ పద్ధతిలోకి మళ్లింది. ఫిషర్ సాహసం అసలు ఇక్కడ ఉంది. ఎదుటివాడి సొంత ఇంట్లోకి వెళ్లి కూర్చున్నాడు.

ఇప్పుడు బోర్డు చూడండి. సి4, ఇ6, గుర్రం ఎఫ్3, డి5, డి4, గుర్రం ఎఫ్6, గుర్రం సి3, బిషప్ ఇ7, బిషప్ జి5, క్యాస్లింగ్, ఇ3, హెచ్6, బిషప్ హెచ్4, బి6. తరువాత ఫిషర్ డి5లో బంటును కొట్టి, ఒక జత బిషప్‌లను, ఒక జత గుర్రాలను మార్చేశాడు. పదో ఎత్తు అయ్యేసరికి నల్ల మంత్రి ఇ7లో ఉంది. తెల్ల ఏనుగు సి1కు, మంత్రి ఎ4కు, అక్కడినుంచి ఎ3కు వచ్చాయి. ఈలోగా స్పాస్కీ బిషప్‌ను ఇ6కు తెచ్చి, సి5 తోశాడు. ఎ3 నుంచి మూలగా చూస్తే సి5 బంటు, దాని వెనక ఇ7లో నల్ల మంత్రి. బంటు పక్కకు జరిగితే మంత్రి పోతుంది. బంటు కట్టుబడిపోయింది.

పద్నాలుగో ఎత్తులో ఫిషర్ బిషప్‌ను బి5కు పంపాడు. నల్ల గుర్రం ఇంకా బి8లోనే ఉంది. డి7కు రాబోతే ఆ బిషప్ కాచుకుని ఉంది. స్పాస్కీ ఎ6 అని దాన్ని అదిలించాడు. ఫిషర్ దాన్ని పట్టించుకోలేదు. సి5లో బంట్లు మార్చి, తీరిగ్గా క్యాస్లింగ్ చేశాడు. ఎ6 బంటు బిషప్‌ను కొడితే, దాని వెనకున్న ఎ8 ఏనుగును తెల్ల మంత్రి కొట్టేస్తుంది. అందుకే స్పాస్కీ ఏనుగును ఎ7కు జరపాల్సి వచ్చింది. అప్పుడు బిషప్ నెమ్మదిగా ఇ2కు వెనక్కి వచ్చింది. బి5 దాకా వెళ్లి వచ్చిన ఆ ప్రయాణంలో దక్కింది ఏమిటంటే, పక్క బంటు కాపలా లేకుండా మిగిలిన ఎ6 బంటు, ఎ7 గడిలో పనిలేని ఏనుగు.

ఇక్కడ ఆగి బంట్లను మాత్రమే చూడండి, పావులను మరిచిపోండి. సి5, డి5లలో నల్ల బంట్లు జంటగా నిలబడి ఉన్నాయి. వాటికి అటు బి వరసలో గాని, ఇటు ఇ వరసలో గాని తోడు బంటు లేదు. ఇలాంటి జంట కదలకుండా నిలబడినంతసేపే బలం. ఒకటి ముందుకు వేస్తే రెండోదాని కాళ్లు విరుగుతాయి. ఆట మిగతా భాగమంతా ఈ జంట కథే. ఫిషర్ గుర్రాన్ని డి4కు దూకించి, ఇ6 బిషప్‌తో మార్పిడి చేసుకున్నాడు. 20వ ఎత్తు ఇ4. జంటలో ఒకటి కదలక తప్పని స్థితి తెచ్చాడు. స్పాస్కీ డి4 ఆడాడు. చూడటానికి ముందుకు దూసుకుపోయే బంటు. కాని డి5లో బంటు పోగానే తెల్ల బిషప్‌కు సి4 గడి సొంతమైంది, అక్కడినుంచి ఇ6 మీదికి తిన్నగా దారి దొరికింది. ఫిషర్ ఎఫ్4, ఇ5, బిషప్ సి4 ఆడేశాడు. నల్ల గుర్రానికి కూర్చోవడానికి మంచి గడి అంటూ మిగల్లేదు.

26వ ఎత్తులో ఎఫ్5 తోసి ఎఫ్ వరస తెరిచాడు. రెండు ఏనుగులూ ఆ వరసలోకి వచ్చాయి. హెచ్4తో నల్ల గుర్రానికి జి5 లేకుండా చేశాడు, ఇ6తో బోర్డును రెండుగా చీల్చాడు, మంత్రిని ఇ5లో నిలిపాడు. తరువాతి నాలుగు ఎత్తులు నాకు అన్నిటికంటే ఇష్టం. ఎ4 అని ఒక బంటు. ఒక ఏనుగు ఎఫ్2కు. అదే ఏనుగు ఎఫ్3కు. బిషప్ డి3కు. బెదిరింపూ లేదు, తొందరా లేదు. ఆ సమయమంతా స్పాస్కీ మంత్రి డి8 నుంచి ఇ8కు, ఇ8 నుంచి డి8కు తిరుగుతూ ఉంది. ప్రపంచ విజేతకు వేరే ఎత్తే లేదు.

37వ ఎత్తు మంత్రి ఇ4. ఇప్పుడు మంత్రి, బిషప్ ఒకే గీత మీద హెచ్7 వైపు చూస్తున్నాయి. ఏనుగు ఎఫ్8లో చెక్ చెబితే గుర్రం దాన్ని కొట్టాలి, రెండో ఏనుగు ఆ గుర్రాన్ని కొడుతుంది, మంత్రి దాన్ని కొడుతుంది, అప్పుడు తెల్ల మంత్రి హెచ్7లో ఆటకట్టు చెబుతుంది. ఇది ఆపడానికి స్పాస్కీ గుర్రాన్ని ఎఫ్6కు తెచ్చాడు. ఫిషర్ ఏనుగుతో దాన్ని కొట్టాడు. మీరు వెతికిన బలి ఇదే. కాని అప్పటికే అంతా అయిపోయింది, ఇది సంతకం మాత్రమే. 41వ ఎత్తు మంత్రి ఎఫ్4 చూసి స్పాస్కీ ఓటమి ఒప్పుకున్నాడు. హాలు చప్పట్లు కొట్టింది. స్పాస్కీ కూడా కొట్టాడు. ఓడినవాడు నిలబడి గెలిచినవాడికి చప్పట్లు కొట్టడం ప్రపంచ పోటీలో మీరు ఎన్నిసార్లు చూశారు? నాకు ఆ విషయంలో స్పాస్కీ మీద ఉన్న గౌరవం ఫిషర్ మీద లేదు.

దీనికో తోక ఉంది. స్పాస్కీ బృందంలో యెఫిమ్ గెల్లర్ ఒకడు. మరుసటి ఏడాది, 1973లో, నెదర్లాండ్స్‌లోని హిల్వర్సమ్‌లో యాన్ టిమ్మన్ ఇదే దారిలో బిషప్‌ను బి5కు పంపాడు. గెల్లర్ ఎ6 ఆడలేదు. మంత్రిని ఇ7 నుంచి బి7కు జరిపాడు. ఒకే ఎత్తుతో సి5 బంటు కట్టు వదిలింది, బి5 బిషప్ మీద దాడీ మొదలైంది. టిమ్మన్ సి5 బంటును తిన్నాడు. తిన్న పాపానికి అతని రాజు క్యాస్లింగ్ చేయలేక మధ్యలోనే చిక్కుకుంది, గెల్లర్ గెలిచాడు. ఫిషర్ అంత హాయిగా గెలిచిన స్థితిలో నల్లపావులకు ఇంత మంచి ఎత్తు ఉంది. ఎత్తు పేరు కంఠతా పట్టినవాడికి అది దొరకదు. సి5 బంటు ఎందుకు కదలలేకపోతోందో తెలిసినవాడికి దొరుకుతుంది. మూడోసారి ఆడేటప్పుడు 13వ ఎత్తు దగ్గర ఆగి, ఇద్దరి పక్షానా మీరే ఆలోచించండి.

మా కాలేజీ క్లబ్బులో అందరూ బెర్లిన్ డిఫెన్స్ ఆడుతున్నారు. ఎనిమిదో ఎత్తుకే మంత్రులు మాయం. ఇది కూడా ఆటేనా?
– ఒక విద్యార్థిని, న్యూజెర్సీ

ఇదే ప్రశ్న 2000లో లండన్‌లో కాస్పరోవ్ ముఖంలో కనిపించింది. 1985 నుంచి కిరీటం దించని మనిషి. రష్యా ఆటగాడు క్రామ్నిక్ నల్లపావులతో బెర్లిన్ గోడ కట్టి కూర్చున్నాడు, కాస్పరోవ్ ఒక్క ఆట గెలవలేక 8½–6½తో కిరీటం వదులుకున్నాడు.

రుయ్ లోపెజ్‌లో (ఇ4, ఇ5, గుర్రం ఎఫ్3, గుర్రం సి6, బిషప్ బి5) నల్ల రెండో గుర్రం ఎఫ్6కు వచ్చి, ఇ4 బంటును కొట్టి, డి6 మీదుగా ఎఫ్5కు చేరుతుంది. ఈలోగా సి6లో మార్పిడులు జరుగుతాయి, తెల్ల మంత్రి డి8లో నల్ల మంత్రిని కొడుతుంది, నల్ల రాజు దాన్ని కొట్టి క్యాస్లింగ్ హక్కు పోగొట్టుకుంటాడు. ఇప్పుడు పై జవాబులో చెప్పినట్టు బంట్లు మాత్రమే లెక్కపెట్టండి. రాజు వైపు తెల్లవి నాలుగు, నల్లవి మూడు. మంత్రి వైపు నల్లవి ఎక్కువే గాని సి వరసలో రెండు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి, వాటి నుంచి ముందుకు పోయే బంటును పుట్టించడం కష్టం. కాబట్టి పావులన్నీ మారిపోయి బంట్లే మిగిలితే తెల్లవారిదే పైచేయి. దానికి బదులుగా నల్లవారి దగ్గర రెండు బిషప్‌లు, ఎక్కడా పగులు లేని కోట ఉన్నాయి. ప్రతి మార్పిడీ ఒకరికి మేలు, ఒకరికి కీడు. అది తెలిస్తే విసుగు రాదు, గుండె దడ వస్తుంది. 2014లో సోచిలో జరిగిన ప్రపంచ పోటీలో కార్ల్‌సన్ మీద ఆనంద్ పదకొండో ఆట బెర్లినే. ఆనంద్ 27వ ఎత్తులో ఏనుగును బి4లో పెట్టి బిషప్‌కు ఇచ్చేశాడు, ఆ తెగింపు బెడిసికొట్టింది, పోటీ అక్కడితో ముగిసింది.

అయినా మీకు నచ్చకపోతే మూడో ఎత్తులో బిషప్‌ను బి5కు కాక సి4కు పంపండి. బెర్లిన్ దానంతటదే తప్పుకుంటుంది.

కింగ్స్ ఇండియన్, నిమ్జో ఇండియన్, క్వీన్స్ ఇండియన్... ఈ ఓపెనింగ్‌ల పేర్లలో మన దేశం ఎందుకు ఉంది?
– ఒక ఉపాధ్యాయుడు, సిద్దిపేట

కలకత్తా వల్ల. పంతొమ్మిదో శతాబ్ది మధ్యలో జాన్ కోక్రేన్ అనే స్కాట్లాండ్ న్యాయవాది అక్కడ ఉండేవాడు, మంచి ఆటగాడు. మహేశ్‌చంద్ర బెనర్జీ అనే బెంగాలీ ఆయనతో వందల ఆటలు ఆడాడు. మన పాత పద్ధతిలో బంటుకు మొదటి ఎత్తులో రెండు గళ్లు దూకే హక్కు లేదు, ఒక్క గడే. మా అమ్మమ్మ కూడా అలాగే ఆడేది. రెండు గళ్లు దూకించిన మనవళ్లను దొంగలనేది. ఆ అలవాటుతో బెనర్జీ బంట్లను డి6, జి6 గళ్లలో ఒద్దికగా పెట్టుకుని, బిషప్‌ను జి7లో దాచి, ఎదుటివారి మధ్య బంట్లను దూరం నుంచి పొడిచేవాడు. ఐరోపావారికి అది పల్లెటూరి ఆటలా కనిపించింది. 1855లో కోక్రేన్‌తో ఆడిన ఒక ఆటలో ఆయన గుర్రం ఎఫ్6, జి6, డి5 ఆడాడు. అదే క్రమాన్ని 1922లో ఆస్ట్రియా ఆటగాడు గ్రున్‌ఫెల్డ్ పైకి తెచ్చాడు, దానికి గ్రున్‌ఫెల్డ్ డిఫెన్స్ అని పేరు పడింది. బెనర్జీ పేరు మాత్రం దేనికీ పెట్టలేదు. ఈ అన్యాయం మీద ఉత్తరం రాయాలంటే ఎవరికి రాయాలో నాకూ తెలియదు.

2024లో గుకేశ్ ప్రపంచ విజేత అయిన ఆఖరి ఆట 58 ఎత్తులు సాగింది. గెలిపించింది ముగింపు ఆట. మరి ఓపెనింగ్ మీద ఇంత కష్టం ఎందుకు?
– ఇంటర్ విద్యార్థి, హనుమకొండ

డింగ్ లిరెన్ 55వ ఎత్తులో ఏనుగును ఎఫ్2లో పెట్టిన మాట నిజమే. గుకేశ్ ఏనుగులు మార్చి, తన బిషప్‌ను డి5లో పెట్టగానే బిషప్‌లూ మారక తప్పలేదు, బంట్ల ముగింపులో తెల్లవారికి దారి లేదు. అయితే సింగపూర్‌లో గుకేశ్ వెనక ఒక బృందమే పనిచేసింది, అందులో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఉన్నాడు. వారి పని గుకేశ్‌ను గెలిపించే ఎత్తు వెతకడం కాదు. ఎదుటివాడు గడియారం చూసుకుంటూ కష్టపడే స్థితుల్లోకి, తమవాడు హాయిగా ఊపిరి పీల్చుకునే స్థితుల్లోకి ఆటను తీసుకెళ్లడం. నాలుగైదు గంటలు డ్రాను కాపాడుకుంటూ అలసిన చేయి ఎఫ్2 మీదికి పోతుంది. నీ వయసులో రోజుకు గంట చదరంగానికి దొరికితే అందులో ఇరవై నిమిషాలు ఓపెనింగ్‌కు, మిగతాది ఏనుగుల ముగింపులకు ఇవ్వు. మీ వరంగల్ అర్జున్ ఎరిగైసి ఆటలు తీసి చూడు, చెడిన స్థితుల్లో కూడా డ్రాకు ఒప్పుకోకుండా ఎంతసేపు ఆడతాడో తెలుస్తుంది.

మా అమ్మాయి క్యాస్లింగ్ చేయబోతూ ముందు ఏనుగును పట్టుకుంది. ఎదుటి అబ్బాయి ఆర్బిటర్‌ను (పోటీ న్యాయనిర్ణేతను) పిలిచాడు. ఆర్బిటర్ క్యాస్లింగ్ కుదరదని ఏనుగే కదపాలన్నాడు. చిన్నపిల్లల పోటీలో ఇంత కఠినమా?
– ఒక తల్లి, అనకాపల్లి

ఆర్బిటర్ చేసింది సరైనదే, అమ్మా. క్యాస్లింగ్ రాజు ఎత్తు. రాజును ముందు ముట్టుకోవాలి, రెండు గళ్లు జరపాలి, ఆ తరువాతే ఏనుగు. అదీ ఒకే చేత్తో. ముందు ఏనుగును ముట్టుకుంటే ఆ వైపు క్యాస్లింగ్ ఆ ఎత్తులో పోయినట్టే, ముట్టుకున్న పావునే కదపాలి. నేను జిల్లా పోటీల్లో ఆర్బిటర్‌గా కూర్చున్నప్పుడు పదేళ్ల లోపు విభాగంలో తొలి గంటలో వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇవే. పావును గడిలో సరిచేసుకోవాలంటే ముందుగా 'సర్దుతున్నాను' అని చెప్పి ముట్టుకోవాలి, అదీ తన ఎత్తు ఉన్నప్పుడే. డ్రా అడగాలంటే ఎత్తు ఆడాలి, నోటితో అడగాలి, అప్పుడు గడియారం నొక్కాలి. ఎక్కువ సమయం ఇచ్చే పెద్ద ఆటల్లో చెల్లని ఎత్తు మొదటిసారి ఆడితే ఎదుటివారికి రెండు నిమిషాలు కలుపుతారు, రెండోసారికి ఆట పోతుంది.

ఇంట్లో రోజూ పది సార్లు రాజు, తరువాత ఏనుగు అని ఒకే చేత్తో చేయించండి. వారంలో చేయి నేర్చుకుంటుంది.